పదికి ఎన్ని మార్కులు? ఆ ప్రశ్న మా ఫ్లాట్‌లో బ్యాన్!

2021 నవంబర్‌లో తన ఆల్బమ్ '30' వచ్చినప్పుడు అడెల్ స్పాటిఫైని ఒకటి అడిగింది. ఆల్బమ్ తెరవగానే పాటల్ని కలగాపులగం చేసి వినిపించే షఫుల్ బటన్ ముందు కనిపించకూడదని. పాటల వరసని తామంతా ఊరికే పెట్టమనీ, అదొక కథనీ ఆమె వాదన. స్పాటిఫై ఆ మార్పు చేసింది కూడా.

మనకి ఈ గొడవ కాస్త వింతగా ఉంటుంది. తెలుగులో ఆల్బమ్ అంటే ఎక్కువమందికి సినిమా పాటలే కదా. అవీ ఇప్పుడు ఒక్కోటి లిరికల్ వీడియోగా నెలల ముందు నుంచే దిగుతున్నాయి. చివరి పాట వచ్చేసరికి మొదటిది బరాత్‌ల్లో మోగీ మోగీ అరిగిపోయి ఉంటుంది. ఇంక 'ఆల్బమ్ మొత్తం ఎలా ఉంది?' అని అడిగేదెవరు, చెప్పేదెవరు?

అడిగేవాళ్లం మేం అయిదుగురం ఉన్నాం లెండి. హైదరాబాద్ కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లో రెండు వారాలకోసారి, ఆదివారం సాయంత్రం చేరతాం. వంతు ఎవరిదైతే వాళ్లు ఒక ఆల్బమ్ తెస్తారు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వింటాం. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో. అయ్యాక మాట్లాడుకుంటాం. 'పదికి ఎన్ని?' అని మాత్రం అడక్కూడదు. మార్కులు చెప్పేస్తే మాట అక్కడితో అయిపోతుంది. 'బాగుంది', 'బోర్' అని ఊరుకున్నా చెల్లదు. ఏ పాటలో, ఏ నిమిషం దగ్గర ఏమనిపించిందో చెప్పాలి. మా భాషలో చెప్పాలంటే, 'యాప్ పనిచెయ్యట్లేదు' అనే బగ్ రిపోర్ట్ ఎవరికీ పనికిరాదు. ఎక్కడ ఆగిందో చెబితేనే కదా విషయం తేలేది.

ఈ పద్ధతి ఎంత ఉపయోగమో నాకు జాజ్ దగ్గర అర్థమైంది. ఒక వారం నేను మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పెట్టాను. 1959లో న్యూయార్క్‌లో రెండే రోజుల్లో, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డ్ చేశారు. మొత్తం అయిదు ట్రాక్‌లు. మొదటిది మొదలైన కాసేపటికే మా ఆఫీసు అక్క కళ్లు మూసుకుని సన్నగా ఏదో పాడటం మొదలుపెట్టింది. ఆవిడ ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. "ఇవి ఖరహరప్రియ స్వరాలురా" అంది. నిజమే. పాశ్చాత్యులు డోరియన్ అనే స్కేలు, మన 22వ మేళకర్త ఖరహరప్రియ, రెండిట్లో మెట్లు ఒకటే. ఆ ఆల్బమ్ ప్రత్యేకత కూడా అదే. గబగబా కార్డ్‌లు మార్చే అప్పటి జాజ్ పద్ధతి పక్కనపెట్టి, ఒక స్కేలు పట్టుకుని అందులోనే తిరగమని మైల్స్ తనతో వాయించేవాళ్లకి వదిలేశాడు.

"అయితే ఇది మన రాగమే అన్నమాట" అన్నాడు గిటార్ వాయించే వైజాగ్ ఫ్రెండ్. అక్క ఒప్పుకోలేదు. "స్వరాలు ఒకటైతే రాగం అయిపోతుందా? గమకం ఏదీ? అక్షరాలన్నీ ఉన్నాయి, యాస లేదు" అంది. అరగంట వాదించుకున్నారు. ఎవరూ గెలవలేదు. నేను మాత్రం అంతకుముందు పది సార్లు విన్న ట్రాక్‌ని అప్పుడే మొదటిసారి విన్నాననిపించింది.

ఇంకో తమాషా ఉంది. ఆ మార్చి రోజు టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపు మూడు ట్రాక్‌లు అసలు శ్రుతి కన్నా కొంచెం పైన వినిపించేవి. 1992 రీఇష్యూలో గానీ అది సరిచెయ్యలేదు. అంటే ముప్పై ఏళ్లకి పైగా లోకమంతా తప్పు శ్రుతిలో విని ప్రేమించింది. ప్రొడక్షన్‌లో అన్నేళ్లు బతికిన బగ్ గురించి నేను ఇంకెక్కడా వినలేదు.

పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' వంతు వచ్చినప్పుడూ అక్కే దొరికింది మాకు. 1973 నాటి ఆ ఎల్‌పీలో రెండో వైపు 'మనీ' పాటతో మొదలవుతుంది. గల్లాపెట్టె చప్పుళ్లు, ఆ వెంటనే బేస్ గిటార్. అక్క తొడ మీద తాళం వేస్తూ "తకిట తకధిమి, తకిట తకధిమి... ఏడు! మిశ్ర చాపు!" అని అరిచినంత పని చేసింది. శాక్సఫోన్ దాకా ఏడు లెక్కే నడుస్తుంది. గిటార్ సోలో రాగానే నాలుగులోకి దిగుతుంది. వైజాగ్ వాడికి అక్కడే ప్రాణం లేచొస్తుందట. అక్కకేమో అక్కడే ఉత్సాహం చచ్చిపోతుందట. "ఏడులో కష్టమని తప్పించుకున్నారు" అంటుంది. వాడు ఇప్పటికీ ఆ మాటకి అలుగుతాడు.

ఆ పాటకి ముందు, మొదటి వైపు చివర్లో, మాటల్లేకుండా ఒక ఆడగొంతు ఎగసి పడుతుంది. ఆవిడ పేరు క్లేర్ టోరీ. ఆ రోజు పాటకి ఆవిడకి ఇచ్చింది 30 పౌండ్లు. 2004లో కోర్టుకెళ్లింది, మరుసటి ఏడాది రాజీ కుదిరి, రచనలో ఆవిడ పేరు కూడా చేరింది. మాటలు లేనిదాన్ని రాసినట్టా కాదా అన్నది మాకు ఇంకో సాయంత్రానికి సరిపోయింది.

అన్నీ ఇలా సరదాగా సాగలేదు. మా గుంపులో కాలేజీ సీనియర్ అన్న ఒకాయన ఉన్నాడు, విజయవాడ. హిప్‌హాప్ అంటే పడిచస్తాడు. నాస్ 'ఇల్‌మాటిక్' తెచ్చింది ఆయనే. 1994లో వచ్చింది, అప్పటికి నాస్‌కి 20 ఏళ్లు. న్యూయార్క్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే సర్కారు క్వార్టర్స్‌లో పెరిగిన కుర్రాడు, తన గల్లీని నలభై నిమిషాల్లోపు చూపించేశాడు. మూడో పాట చివర కార్నెట్ వాయించింది అతని నాన్న ఓలు దారా, జాజ్ కళాకారుడు. అన్న ఆ సాయంత్రం ఒక్కో లైను ఆపి మాకు అర్థం చెప్పాడు. "ఇది పేపర్లో రాని వార్త. గల్లీ వాడే చెప్పాలి" అన్నాడు. చాలా బాగా చెప్పాడు, ఆ మాటకొస్తే.

తర్వాత వంతు నా రూమ్మేట్‌ది. వాడిది సిద్దిపేట దగ్గర ఊరు. గద్దర్ పాటల పాత క్యాసెట్ ఒకటి ఫోన్‌లోకి ఎక్కించుకుని తెచ్చాడు. డప్పు, గజ్జెలు, వెనక కోరస్. మధ్యలో పాట ఆపి జనంతో మాట్లాడటం. టేప్ గరగర. రెండో పాటకే అన్న నవ్వేశాడు. "ఇందులో మ్యూజిక్ ఎక్కడుందిరా? ఇది మీటింగ్. పాలిటిక్స్!" అన్నాడు.

రూమ్మేట్ ఏం మాట్లాడలేదు. స్పీకర్ ఆపేసి బాల్కనీలోకి పోయాడు. వాడు మామూలుగా జోకులు పడే రకమే. కానీ ఆ క్యాసెట్ వాళ్ల బాపుది. వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక్క ఆల్బమ్ అదేనని మాకు తర్వాత తెలిసింది.

అక్కే అడిగింది అన్నని. గట్టిగా కూడా కాదు. "క్వీన్స్‌బ్రిడ్జ్ వాడు తన గల్లీ గురించి చెబితే కవిత్వం. తూప్రాన్ వాడు తన ఊరి గురించి చెబితే పాలిటిక్సా?"

అన్న దగ్గర దానికి జవాబు లేదు. నాకైతే ఆయన వాదనలో అసలు ఇబ్బంది అక్కడే కనబడింది. ఇంగ్లిష్‌లో వచ్చిన గరగరని మనం 'రా సౌండ్' అని మెచ్చుకుంటాం. అదే గరగర తెలుగులో వినబడితే రికార్డింగ్ నాసిరకం అంటాం. ఇల్‌మాటిక్ అర్థం కావడానికి ఆపి ఆపి విన్నవాళ్లం, డప్పు దరువు ఎక్కడ మారుతోందో వినడానికి రెండు పాటలైనా ఆగలేకపోయాం.

తర్వాతి ఆదివారం రూమ్మేట్ రాలేదు, ఊరెళ్లాడు. ఆ తర్వాతి సారి అన్న వచ్చి, "ఆ క్యాసెట్ మళ్లీ పెట్టరా, పూర్తిగా విందాం" అన్నాడు. సారీ అనలేదు, ఆయన రకం అంతే. వాడు కాసేపు బెట్టు చేసి పెట్టాడు. "ఇది హెడ్‌ఫోన్స్‌ల వినేది కాదన్నా. గుంపుల నిలబడి వినాలె" అన్నాడు. సరేనని అందరం లేచి నిలబడే విన్నాం, కింది ఫ్లాట్ అంకుల్ పైకొచ్చేదాకా.

అన్న అభిప్రాయం పూర్తిగా మారిపోయిందా అంటే లేదు. కోరస్ బాగుందన్నాడు. మధ్యలో మాటలు ఎక్కువన్నాడు. నాలుగో పాటలో డప్పు ఒక్కటే మిగిలే చోటు మళ్లీ పెట్టమన్నాడు. "పాటకీ ఉపన్యాసానికీ తేడా ఉండాలి తమ్ముడూ" అంటే, "గద్దర్‌కి ఆ తేడా లేదన్నా, అందుకే గద్దర్" అన్నాడు వీడు. రాత్రి పదకొండైనా తెగలేదు, బిర్యానీ చల్లారిపోయింది.

వచ్చే ఆదివారం ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్'. 1986 నాటిది, త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్. అక్క ఇప్పటికే త్యాగరాజు తరఫున సిద్ధమవుతోంది. వైజాగ్ వాడు బాఖ్ పక్షం. రూమ్మేట్ మాత్రం డప్పుందా లేదా అని రోజూ అడుగుతున్నాడు.