చైనావారి పులియబెట్టిన టీ – పానీయమా? మందా?

టీ తాగని ఇల్లు మన ఊళ్లలో అరుదు. పొద్దున్నే పాలు, పంచదార వేసి మరిగించిన టీ గొంతులో పడితేగాని చాలామందికి పని మొదలుకాదు. అయితే ఈమధ్య పెద్ద దుకాణాల్లో 'పూఅర్' అనే చైనా టీ కూడా దొరుకుతోంది. ఇది బరువు తగ్గిస్తుందని, కొలెస్ట్రాల్‌ను కరిగిస్తుందని కొందరు చెబుతుంటారు. ఆ మాటలు నమ్మి మాత్రలు మానుకుంటే ప్రమాదం. కనుక ఈ టీ ఏమిటో, దాని రుచి ఎలా ఉంటుందో, ఎవరు జాగ్రత్తపడాలో తెలుసుకుందాం.

ఇది ఎక్కడిది?

చైనాకు నైరుతి మూలన, బర్మా, లావోస్, వియత్నాం దేశాలను ఆనుకొని యునాన్ రాష్ట్రం ఉంది. అక్కడి కొండల్లో పెరిగే పెద్ద ఆకు తేయాకు చెట్ల నుంచి ఈ టీ తయారవుతుంది. మన అస్సాం తోటల్లోని మొక్కకు, దీనికి దగ్గర చుట్టరికం ఉంది. పూర్వం వర్తకులు ఈ ఆకుకు ఆవిరి పట్టించి, గుండ్రని బిళ్లలుగా, ఇటుకలుగా నొక్కి, గుర్రాలు, కంచరగాడిదల మీద టిబెట్ దాకా తీసుకువెళ్లేవారు. సాధారణంగా ఒక బిళ్ల 357 గ్రాములు ఉంటుంది. ఏడు బిళ్లలను ఒక కట్టగా కడతారు. వ్యాపారం జరిగిన పూఅర్ పట్టణం పేరే టీకి వచ్చింది. అక్కడి జింగ్‌మాయ్ కొండ మీది పాత తేయాకు వనాలను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

పులియడం అంటే ఏమిటి?

మనం వాడే టీ పొడి కూడా నల్లగానే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. ఆ నలుపు వేరు. ఆకును నలిపినప్పుడు దానిలోని రసానికి గాలి తగిలి రంగు మారుతుంది. కోసి పెట్టిన వంకాయ ముక్క నల్లబడటం లాంటిదే ఇది. ఇందులో సూక్ష్మజీవుల పని లేదు.

పూఅర్ టీ సంగతి ఇడ్లీ పిండి లాంటిది. సూక్ష్మజీవులే దానిని మారుస్తాయి. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది 'షెంగ్', అంటే పచ్చిది. దీనిని నిలవ ఉంచితే ఏళ్ల తరబడి మెల్లగా మారుతుంది. రెండవది 'షౌ', అంటే పండినది. ఏళ్ల తరబడి ఆగకుండా త్వరగా పండించే పద్ధతిని 1973 ప్రాంతంలో కున్మింగ్ టీ కర్మాగారంలో రూపొందించారు. ఆకును పెద్ద కుప్పగా పోసి, నీళ్లు చిలకరించి, పైన గుడ్డ కప్పుతారు. లోపల బూజు జాతులు, ఈస్టులు పెరిగి కుప్ప వేడెక్కుతుంది. దానిని మధ్యమధ్య తిరగవేస్తూ సుమారు నెలన్నర, రెండు నెలలు ఉంచుతారు. ఈ కాలంలో ఆకులోని చేదు, వగరు పదార్థాలు చాలావరకు ముదురు గోధుమరంగు పదార్థాలుగా మారిపోతాయి.

తాగితే ఎలా ఉంటుంది?

పండిన టీ గిన్నెలో పోస్తే కషాయంలా చిక్కగా, నలుపు కలిసిన ఎరుపులో కనబడుతుంది. వాసన మొదట మనకు కొత్తగా ఉంటుంది. తొలకరి జల్లు పడిన మట్టి, పాత చెక్క బీరువా గుర్తుకు వస్తాయి. నోట్లో పోసుకుంటే చేదు అంతగా తెలియదు. మెత్తగా, నున్నగా గొంతు దిగుతుంది.

పచ్చి రకం కొత్తగా ఉన్నప్పుడు తాగితే చేదు, వగరు నాలుకను పట్టుకుంటాయి. కాని మింగిన కొద్దిసేపటికి గొంతులో తీపి తెలుస్తుంది. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే ఎలా ఉంటుందో అలాంటి తీపి. చైనావారు దానిని 'హుయ్‌గాన్', అంటే తిరిగి వచ్చే తీపి అంటారు.

దీనిలో పాలు, పంచదార వేయరు. ఒక చిన్న కూజాలో 5 గ్రాముల ఆకు వేసి, బాగా మరిగిన నీళ్లు పోసి, ఆ మొదటి నీళ్లు వెంటనే పారబోస్తారు. తరువాత మళ్లీ నీళ్లు పోసి, కొద్ది సెకన్లలోనే వంచుకుంటారు. అదే ఆకుతో అయిదారుసార్లు టీ వస్తుంది. హాంకాంగ్ భోజనశాలల్లో ఆవిరి మీద ఉడికించిన చిరుతిండ్లతో కుటుంబమంతా కూర్చొని ఈ టీ తాగడం పాత అలవాటు.

మేలు ఎంత?

అన్నిటికన్నా ఖాయమైన మేలు, ఇందులో పంచదార లేకపోవడమే. రోజుకు నాలుగు కప్పుల టీలో రెండేసి చెంచాల పంచదార వేసుకునేవారికి సుమారు 40 గ్రాముల పంచదార ఒంట్లోకి వెళుతుంది. అయితే ఈ మేలు ఏ టీనైనా పంచదార లేకుండా తాగితే వస్తుంది. చైనా టీయే కానక్కరలేదు.

ఇక కొలెస్ట్రాల్ మాట. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కొంత ఫలితం కనబడింది. మనుషుల విషయంలో గట్టిగా చెప్పడానికి అది చాలదు. కొన్ని పూఅర్ టీలలో లోవాస్టాటిన్ అనే పదార్థం స్వల్పంగా ఉన్నట్లు గుర్తించారు. ఇది ఒక బూజు నుంచి తీసిన కొలెస్ట్రాల్ మందు. అమెరికాలో 1987లో వాడకానికి అనుమతి పొందింది. కాని మాత్రలో మందు కొలత ప్రకారం ఉంటుంది. టీ కప్పులో ఎంత ఉందో, అసలు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. కనుక డాక్టరు రాసిన మాత్ర మానేసి టీ తాగడం గుండెకు చేటు.

'బరువు తగ్గించే టీ' అని అమ్మే పొట్లాలు కొన్నిటిలో సునాముఖి ఆకు కలుపుతారు. అది విరేచనకారి. అప్పుడు తగ్గేది ఒంట్లోని నీరేగాని కొవ్వు కాదు. పొట్లం మీద ఏముందో చదివి కొనండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

1. రక్తహీనత ఉన్నవారు: ఏ టీ అయినా భోజనంలోని ఇనుమును శరీరం సరిగా గ్రహించకుండా అడ్డుపడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. భోజనానికి, ఐరన్ మాత్రకు, టీకి మధ్య కనీసం గంట వ్యవధి ఉంచండి.

2. గర్భిణులు, నిద్ర పట్టనివారు, గుండెదడ ఉన్నవారు: ఇందులోనూ కెఫీన్ ఉంటుంది. సాయంత్రం తరువాత తాగవద్దు. గర్భిణులు తమ డాక్టరును అడిగి తాగాలి.

3. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు: మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోండి. టీ తరువాత.

4. కిడ్నీ జబ్బు వల్ల రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని చెప్పించుకున్నవారు: టీని కూడా ఆ లెక్కలోనే కలపండి.

ఫ్లోరైడ్ సంగతి

ఇది మనవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో నిలవ చేసుకుంటుంది. ముదురు ఆకులో ఇది ఎక్కువ. టిబెట్, ఇన్నర్ మంగోలియా ప్రాంతాల్లో ముదురు ఆకులు, కాడలతో చేసిన ఇటుక టీని ప్రతిరోజూ ఎక్కువగా మరిగించి తాగినవారికి పళ్లపై మచ్చలు, కీళ్లు బిగుసుకుపోవడం వంటి ఫ్లోరోసిస్ లక్షణాలు వచ్చాయి. అందుకే కిలో ఇటుక టీలో ఫ్లోరైడ్ 300 మి.గ్రా. మించరాదని చైనా 2005లో నిబంధన పెట్టింది.

నీటిలోని ఫ్లోరైడ్ వల్ల నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు బాధపడ్డాయో మనం చూశాం. బోరు నీళ్లతో టీ కాచుకునేవారు ఆ నీటిని పరీక్ష చేయించుకోండి. లీటరుకు 1.5 మి.గ్రా. మించితే ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయిగాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారు లేత ఆకుతో చేసిన పూఅర్ టీని రోజుకు ఒకటి రెండు కప్పులు తాగవచ్చు. కొన్న టీని తేమ, ఘాటు వాసనలు తగలని చోట ఉంచండి. దానిపై కొత్తగా బూజు కనబడితే పారవేయండి. టీని రుచి కోసం తాగండి. జబ్బుకు మాత్రం డాక్టరు చెప్పిన మందునే వేళకు వేసుకోండి. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు, మీరు ఇంట్లో వాడే టీలు, కషాయాలు, ఆకు పొడులు ఏమిటో డాక్టరుకు తప్పక చెప్పండి.