హోల్డాన్.. రైట్ రైట్!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో కూతురి పెళ్లికి నగలు కొన్నారు. పులివెందుల బస్సెక్కారు. దిగే తొందరలో సంచి సీటు కిందే మరచిపోయారు. ఇంకేముంది, గుండె ఆగినంత పని! అయినా ఎక్కడో చిన్న ఆశ... ‘కండక్టరు చేతిలో పడితే బాగుండు’నని. ప్రయాణికులు మరచిన డబ్బూ నగల్ని ఆర్టీసీ సిబ్బంది తిరిగి అప్పగించారన్న వార్తలు అప్పుడప్పుడూ చదువుతూనే ఉంటాం మరి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... మూడు ఊళ్లలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. గేటు దాటాక కండక్టరుకు బస్సే ఆఫీసు. పక్కన పై అధికారి ఉండడు. సంచినిండా జనం డబ్బు. అందుకే నిబంధనలూ గట్టివే. డ్యూటీ ఎక్కేముందు జేబులో సొంత డబ్బెంతో రాసివ్వాలి. దిగాక టికెట్ల లెక్కకు నగదు సరిపోవాలి. తగ్గితే చేతి నుంచి కట్టాలి, ఎక్కువున్నా సంజాయిషీ చెప్పుకోవాలి. దారిలో ఎక్కడైనా తనిఖీవాళ్లు బస్సు ఆపొచ్చు.

కానీ నిబంధన తప్పును ఆపగలదేమో గానీ సాయం చేయించలేదు. టికెట్ వెనక రాసిన చిల్లరను పిలిచి మరీ ఇవ్వడం, మూట నెత్తిన పెట్టుకుని వగరుస్తూ వచ్చే ముసలామెను చూసి ‘హోల్డాన్’ అనడం... ఇవి మనసుంటేనే జరిగేవి. ‘మెల్లగా ఎక్కు అవ్వా, బస్సు యాడికీ పోదులే’ అని కండక్టరు అన్నా, డ్రైవరు బ్రేకు వేయాలిగా! ఆలస్యమైతే మాట పడేది ఆయనే. ఇద్దరిదీ ఒకే మాటైతేనే అవ్వకు సీటు. ఇక రాత్రి గ్యారేజీలో చక్రాల నట్లు బిగించే మెకానిక్కును మనం చూడనే చూడం. మన ప్రాణాలు మాత్రం ఆయన చేతిలోనే.

1958లో ఏర్పడిన ఆర్టీసీలో ఏపీ ఉద్యోగులు 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే ‘స్త్రీశక్తి’ మొదలయ్యాక వాళ్ల నిజాయతీకి కొత్త పరీక్ష వచ్చింది. సున్నా టికెట్‌తో సంచిలోకి పైసా రాదు. అయినా ఎక్కిన ఊరూ, దిగే ఊరూ సరిగ్గా కొట్టాలి. ప్రభుత్వం సంస్థకు చెల్లించాల్సింది ఆ లెక్క మీదే మరి!

మనకూ ఓ డ్యూటీ ఉంది. చిల్లర సిద్ధంగా ఉంచుకోవడం, టికెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోవడం. అన్నట్టు... సీటు కింద సంచి కండక్టరు కంటే ముందు కనబడేది పక్క సీటులో కూర్చున్న మనకే!