పదకొండు అట్లు, ఒక మూన్‌కేక్, చెరువులో రొట్టె

తక్కిన కోస్తాకు వానలు వెనకబట్టే వేళకు నెల్లూరుకు వానలు మొదలవుతాయి. ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలే తెచ్చిపోస్తాయి. సరిగ్గా ఆ మబ్బుల రోజుల్లోనే ఇక్కడి ఆడవాళ్లు చంద్రుడి కోసం మెడలు సాచి చూడాల్సిన పండుగ వస్తుంది. అదే ఆశ్వయుజ బహుళ తదియ, అట్లతద్ది. తెల్లవారుజాము నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఉన్నవాళ్లకు చంద్రుడు కనబడితే గాని అట్టు ముక్క నోట్లోకి పోదు.

చంద్రుడు కూడా ఆ రోజు తొందరగా రాడు. పున్నమి నాడు పడమట పొద్దు కుంకుతుంటే తూర్పున ఆయన లేస్తాడు. ఆ తరవాత రోజుకు ముప్పావుగంట, అటూ ఇటుగా ఆలస్యం చేస్తూ పోతాడు. తదియ నాటికి పొద్దుగూకాక దాదాపు రెండు గంటలు ఎదురుచూడాల్సి వస్తుంది. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట లాంటి తీరపు ఊళ్లవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. తూర్పున కొండా లేదు, మేడా లేదు, ఉన్నదంతా సముద్రమే కాబట్టి నీళ్లమీద ఎర్రగా అంచు తేలగానే కనబడుతుంది. నెల్లూరు పట్నంలో అయితే డాబా ఎక్కాలి. మబ్బు కమ్మేస్తే పంచాంగంలోనో ఫోన్లోనో చంద్రోదయం వేళ చూసుకుని, తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టుకుని విస్తరి ముందు కూర్చునే ఇళ్లున్నాయి.

ఇదే కాలంలో, ఇదే చంద్రుడి పేరు చెప్పి, ఆసియాలో సగం పొయ్యి వెలిగిస్తుంది. చైనా పంచాంగంలో ఎనిమిదో నెల పున్నమి నాడు శరత్కాలపు పండుగ. ఆ రోజు చైనాలో, హాంకాంగ్‌లో, తైవాన్‌లో, సింగపూర్, మలేషియాల్లోని చైనా కుటుంబాల్లో మూన్‌కేకులు పంచుకుంటారు. వియత్నాంలో ఆ పండుగ పిల్లలదీ, లాంతర్లదీ. కొరియాలో బియ్యప్పిండితో అర్ధచంద్రాకారపు సాంగ్‌ప్యాన్ చేసి పైన్ ఆకుల మీద ఆవిరికి పెడతారు. జపానులో బియ్యప్పిండి ఉండలు గోపురంలా పేర్చి వెన్నెల్లో పెడతారు. ఆ పున్నమి చాలా ఏళ్లు మన భాద్రపద పున్నమికే పడుతుంది. ఎప్పుడైనా వాళ్ల అధికమాసం, మన అధికమాసం వేరువేరు ఏళ్లలో వస్తే లెక్క ఒక నెల జరుగుతుంది. 2025లో అలాగే జరిగింది. ఆ ఏడు మూన్‌కేకుల పండుగ అక్టోబరు 6న, అట్లతద్దికి మూడు నాలుగు రోజుల ముందు వచ్చింది.

అట్లతద్ది నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా కోస్తా అంతటా ఉన్న నోము. ముందురోజు చేతులకు గోరింటాకు. తెల్లారకముందే లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి, పెరుగుతో కడుపునిండా తిని, చీకట్లోనే ఉయ్యాలలూగి, వీధిలో ఆడుకుని రావడం పిల్లల వంతు. సాయంత్రం గౌరీపూజ, చేతికి పదకొండు ముళ్ల తోరం. నోముకు ఒక కథ కూడా ఉంది. ఉపవాసంతో సొమ్మసిల్లిన రాకుమారిని చూడలేక అన్నలు దూరాన మంట వేసి, దాన్ని అద్దంలో చూపించి, చంద్రుడొచ్చాడని నమ్మించి అన్నం తినిపించారట. నోము చెడి ఆమెకు ముసలి మొగుడు దొరికే గతి పట్టిందట. తిరిగి నియమంగా నోచుకుంటే గాని ఆ గతి తప్పలేదట. చంద్రుణ్ణి చూడకముందే తినకూడదన్న పట్టుదల వెనక ఉన్నది ఈ అద్దం కథే.

ఈ నోములో లెక్క అంతా పదకొండుతోనే. గౌరమ్మకు పదకొండు అట్లు నైవేద్యం, ముత్తయిదువకు పదకొండు అట్లు వాయనం. ఇంటి ఆనవాయితీని బట్టి కొన్నేళ్లు పట్టాక ఉద్యాపన చేసుకుంటారు. అప్పుడు పదిమంది ముత్తయిదువలను పిలిచి తలా పదకొండు ఇవ్వాలి. వాయనాలకు నూట పది, దేవికి పదకొండు, వెరసి 121 అట్లు. మందంగా పోస్తే కిలో పప్పూబియ్యానికి పాతిక దాకా వస్తాయి కాబట్టి ఐదు కిలోలు నానబోయాల్సిందే. పెనం దగ్గర నిలబడేది ఒక్కరే అయితే మధ్యాహ్నమంతా దానికే సరి.

అట్టుకు కావలసిన సరుకు ఏ ఇంట్లోనైనా ఉండేదే. బియ్యం మూడు వంతులు, మినపప్పు ఒక వంతు. బియ్యం చంద్రుడి ధాన్యం, మినుములు రాహువువి అని నోము చెప్పే పెద్దలు అంటారు. నెల్లూరు మొలగొలుకులు అన్నానికి పేరుపడ్డ బియ్యం, వాటిని ఎవరూ అట్లకు పాడుచేసుకోరు. అట్లపిండికి స్టోరు బియ్యమే మేలని వంటింట్లో చేయి తిరిగినవాళ్లందరి మాట. ఆరేడు గంటలు నానబెట్టి, పప్పు విడిగా నురగ వచ్చేదాకా రుబ్బుతారు. చిటికెడు పిండి నీళ్లగిన్నెలో వేస్తే మునగకుండా తేలాలి. అలా తేలిందంటే పప్పులోని జిగురు గాలిని పట్టి ఉంచిందని గుర్తు. రాత్రంతా ఉంచితే పప్పు మీద సహజంగా ఉండే బ్యాక్టీరియా పిండిని పొంగిస్తుంది. నెల్లూరు ఉక్కపోతకు ఎనిమిది గంటలు చాలు. పులిసింది దేవుడికి పెట్టకూడదని అప్పటికప్పుడు రుబ్బి పోసే ఇళ్లూ ఉన్నాయి. వాళ్ల అట్లు కాస్త గట్టిగా, తియ్యగా ఉంటాయి.

మామూలు రోజుల్లో పెనానికి సగం కోసిన ఉల్లిపాయ రుద్దుతారు. నోము రోజున ఉల్లి ముట్టనివాళ్లు వంకాయ ముచ్చికను నూనెలో ముంచి రుద్దుతారు. మొదటి అట్టు ఎలాగూ పెనానికి అతుక్కుంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. రెండోదాని నుంచి గరిటెన్నర పిండి పోసి, పలచగా లాగకుండా, అంచులకు నూనె చుట్టి, మూత పెట్టి, మీద చిల్లులు పడ్డాక తిరగేస్తారు. హోటల్లో దొరికే నెల్లూరు కారం దోసెకూ దీనికీ పోలిక లేదు. నోము అట్టు తెల్లగా, మెత్తగా ఉండాలి. మర్నాటికైనా మడతపెడితే విరగకూడదు, ఎందుకంటే వాయనం పుచ్చుకున్నామె దాన్ని ఇంటికి పట్టుకుపోతుంది.

మూన్‌కేక్ సంగతి వేరు. అందులో కొత్తగా కనబడేది పేరే గాని, పని తెలుగు వంటింటికి పూర్తిగా పరాయిది కాదు. ఎక్కువమంది ఎరిగిన కాంటన్ రకాన్ని బొబ్బట్టుకు దూరపు చుట్టం అనుకోవచ్చు. పలచటి తోపు, లోపల దండిగా పూర్ణం. ఒత్తేది అరిటాకు మీద కాదు, పువ్వులు చెక్కిన కొయ్య అచ్చులో. కాల్చేది పెనం మీద కాదు, ఓవెన్‌లో. తోపు మూడు వంతులకు పూర్ణం ఏడు వంతులు, చేయి తిరిగినవాళ్లయితే రెండుకు ఎనిమిది. పూర్ణం తామర గింజలది. నడుమ ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొన, కోసినప్పుడు అది నిండు చంద్రుడిలా కనబడాలి.

చిక్కంతా తోపులో వేసే పాకంలో ఉంది. పంచదార, నీళ్లు, నిమ్మరసం కలిపి సన్నసెగ మీద తేనె రంగు వచ్చేదాకా కాస్తారు. నిమ్మ పులుపుకు పంచదార విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అందుకే ఆ పాకం ఎన్నాళ్లున్నా గడ్డకట్టదు, గాలిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది. దాన్ని వారాల తరబడి, కొందరైతే నెలల తరబడి మాగబెడతారు. తరవాత మైదా, నూనె, కొద్దిగా క్షారజలం కలిపి ముద్ద చేస్తారు. క్షారం పాకంలోని పులుపును విరిచి, కాలేటప్పుడు రంగు తెస్తుంది. అచ్చులోంచి తీసిన ముద్దను ముందు కొద్ది నిమిషాలు కాల్చి, బయటికి తీసి చల్లార్చి, పైన పలచగా గుడ్డుసొన పూసి మళ్లీ ఓవెన్‌లో పెడతారు. చల్లారకుండా పూస్తే అచ్చు పువ్వులు చెరిగిపోతాయి. ఓవెన్‌లోంచి వచ్చిన రోజున అది గట్టి బిస్కెట్టే. ఒకటి నుంచి మూడు రోజులు డబ్బాలో ఉంచితే పూర్ణంలోని నూనె తోపులోకి చేరి మెత్తబడుతుంది. అప్పుడే తినాలి.

నెల్లూరులో దీన్ని ఇంట్లో చేయాలంటే సరుకు ఎక్కడిదన్న ప్రశ్నకు తమాషా జవాబు ఉంది. అన్నిటికన్నా పరాయిగా వినిపించేదే ఇక్కడ అన్నిటికన్నా సులువుగా దొరికేది. కోతలయ్యాక కోస్తా వరిపొలాల్లో రాలిన గింజలు ఏరుకుంటూ బాతుల మందలు తిరుగుతాయి, గుడ్లకు కొదవ లేదు. ఉప్పు కోసం అల్లూరు మండలం ఇసకపల్లి కొఠార్లు ఉన్నాయి. నాలుగు వంతుల నీళ్లకు ఒక వంతు ఉప్పు కాచి చల్లార్చి, అందులో గుడ్లు మునిగేలా నెలరోజులు ఉంచితే చాలు. ఉప్పు లోపలికి పోయి, సొనలోని నీళ్లు బయటికి వచ్చి, సొన నారింజరంగు గోళీలా గట్టిపడుతుంది. తామర గింజలు దొరక్కపోతే మఖానా వేసేద్దామనుకోవడం మాత్రం పొరపాటు. మఖానా తామర గింజ కాదు, అది వేరే నీటి మొక్క విత్తనం. వియత్నాంవాళ్లు చేసినట్టు పెసరపప్పు ఉడికించి, పంచదార, నూనె పోసి ముద్దయ్యేదాకా వేయించడం మేలు. గుడ్డు తినని ఇళ్లలో పచ్చసొన మానేసినా అది మూన్‌కేకే. ఉత్త పప్పు పూర్ణాలతో చేసే రకాలు చైనాలోనే బోలెడు ఉన్నాయి.

ఇంత పని కాబట్టే మూన్‌కేక్ చాలాకాలం కిందటే ఇల్లు వదిలి అంగడి చేరింది. హాంకాంగ్, సింగపూర్‌లలో పండుగకు వారాల ముందు నుంచే బేకరీలు, పెద్ద హోటళ్లు రేకు డబ్బాల్లో నాలుగేసి చొప్పున అమ్ముతాయి. ఆఫీసులు ఉద్యోగులకు, వ్యాపారులు ఖాతాదార్లకు పంపుతారు. సింగపూర్, కౌలాలంపూర్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందికి దాని రుచి తెలిసింది ఇలాగే. నెల్లూరుకు దక్షిణాన, 2008లో మొదలైన శ్రీసిటీలో జపాను, కొరియా, తైవాన్, చైనా కంపెనీల ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఈ పున్నమి పిండివంటల పున్నమిగా ఉన్న దేశాల్లో చాలావరకు ఇప్పుడు తడ దాటితే పొరుగున ఉన్నట్టే. పెద్ద మూన్‌కేక్ ఒక్కటే వెయ్యి క్యాలరీల దాకా ఉంటుంది, అందుకని ఎవరూ ఒంటరిగా తినరు. ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టి అన్ని ముక్కలు కోస్తారు, ఊళ్లో లేనివాళ్ల పేరిట కూడా ఒక ముక్క తీసి ఉంచే అలవాటు కొందరికి ఉంది. పద్నాలుగో శతాబ్దంలో మంగోలు పాలకుల మీద తిరుగుబాటు కబురును మూన్‌కేకుల్లో దాచి పంచారన్న కథ చైనాలో ప్రతి పిల్లకూ తెలుసు. చరిత్రకారులకు మాత్రం దానికి రుజువు దొరకలేదు.

చంద్రుడి తిథిని బట్టి పిండి పిసికి, చేసింది ఎదుటివాళ్ల చేతిలో పెట్టే పండుగ నెల్లూరులోనే ఇంకొకటి ఉంది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో, మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో వీరమరణం పొందిన పన్నెండుగురి సమాధులున్న చోటు అది, 1751 నాటి మాట అని చెబుతారు. అక్కడ మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె, విద్యా రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె అని కేకలు వేస్తుంటారు. కాలంతో పాటు ఇల్లు రొట్టె, వీసా రొట్టె కూడా జాబితాలో చేరాయి. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తింటారు. వాళ్ల కోరిక తీరితే వచ్చే ఏడు వాళ్లు రొట్టె తేవాలి. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అన్న తేడా లేకుండా లక్షల మంది వచ్చే ఈ పండుగను ప్రభుత్వం రాష్ట్ర పండుగగా గుర్తించింది.

రొట్టెల పండుగకు అధికమాసం లేదు. హిజ్రీ ఏడాది సౌరమాన సంవత్సరం కన్నా పది పదకొండు రోజులు చిన్నది, దాన్ని సరిచేసే లెక్క అందులో లేదు. అందుకే ఆ పండుగ ఏటా కాస్త ముందుకు జరుగుతూ రుతువులన్నీ చుట్టి వస్తుంది. 2025లో జులైలో జరిగిన రొట్టెల పండుగ, 2016, 2017లలో అక్టోబరులో వచ్చింది. ఆ రెండేళ్లూ ఊళ్లో రొట్టెల పెనం కడిగిన కొద్దిరోజులకే అట్ల పెనం పొయ్యెక్కింది.

ఈ మూడింట్లో ఇంకా ఇంటి వంటగా గట్టిగా నిలిచింది అట్టే. దానికి ఓవెన్ అక్కర్లేదు, అచ్చు అక్కర్లేదు, నెలరోజుల ముందుచూపు అక్కర్లేదు. రొట్టె చాలామంది ఇంటి నుంచే తెచ్చుకున్నా, చెరువుగట్టున కొనుక్కునే వీలూ ఉంది. అట్లపిండి ఇప్పుడు వీధి చివర ప్యాకెట్టులో దొరుకుతోంది గాని, పదకొండు అట్లూ పోసిపెట్టే అంగడి మీద ఇంకా ఎవరూ ఆధారపడలేదు. ప్యాకెట్టు పిండితో చేయదలిస్తే ఒక జాగ్రత్త. అది దోసెకు పలచగా కలిపింది, బాగా పులిసింది కూడా. నోముకు పోసేముందు గుప్పెడు బియ్యప్పిండి కలిపితే అట్టు మందంగా లేస్తుంది.

మూన్‌కేక్ కూడా ఒకసారి చేసి చూద్దామనుకునేవాళ్లు ఆలస్యం చేయకూడదు. 2026లో ఆ పండుగ సెప్టెంబరు 25న వస్తుంది. బాతుగుడ్లు ఆగస్టు మూడో వారానికల్లా ఉప్పునీళ్లలో పడాలి, పాకం కూడా అప్పుడే కాచి సీసాలో పోయాలి, కాల్చడం సెప్టెంబరు 22కల్లా అయిపోవాలి. అట్లకు ముందురోజు పప్పు నానబోస్తే చాలు.