గడియారం తప్పిన దీవి

"తాతయ్యా, గ్లోబు మీద ఈగ మచ్చ పెట్టేసింది!" అంది మా మనవరాలు.

కళ్ళజోడు సవరించుకుని చూశాను. "ఈగ పని కాదమ్మా, అది బూవే దీవి. ఆఫ్రికా కొసకీ అంటార్కిటికాకీ నడుమ ఒంటి అగ్నిపర్వతం. 49 చదరపు కిలోమీటర్లు ఉంటే, అందులో నూటికి 93 వంతులు మంచే. మనుషులెవరూ ఉండరు, పెంగ్విన్లదీ సీళ్ళదీ రాజ్యం. దానికి దగ్గర నేల అంటే సుమారు 1700 కిలోమీటర్ల అవతల అంటార్కిటికాయే."

1739 జనవరి 1న ఫ్రెంచి నావికుడు బూవే దాన్ని చూశాడు. దక్షిణ ఖండపు కొసేమో అనుకుని, జాడ రాసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత కెప్టెన్ కుక్ వెళ్ళి వెతికితే దీవి లేదు! మంచుగడ్డను చూసి నేల అనుకుని ఉంటాడని తేల్చేశాడు.

"దీవి ఎక్కడికి పోతుంది తాతయ్యా?"

"ఎక్కడికీ పోలేదు, చిరునామాయే తప్పు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే అక్షాంశం వచ్చేస్తుంది. రేఖాంశానికి మాత్రం గడియారం కావాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. మన కాకినాడలో మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి గ్రీనిచ్‌లో ఉదయం ఆరున్నర. ఆ అయిదున్నర గంటల తేడాయే మన 82 డిగ్రీల పైచిలుకు. బూవే కాలంలో ఓడ ఊగితే లోలకం గడియారం పనికిరాదు. వేగం, దిక్కు చూసి అంచనా కట్టడమే. ఆ దీవి దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే 65 కిలోమీటర్లు తప్పినట్టే."

"మరి కుక్ దగ్గర?"

"మంచి గడియారమే ఉంది. కానీ రాసిచ్చిన అంకె తప్పైతే ఎంత మంచి గడియారం ఉండి ఏం లాభం? 1808లో ఇంగ్లీషు తిమింగలాల వేటగాళ్ళకి దీవి మళ్ళీ కనబడింది. సరైన చోటు తేలింది మాత్రం 1898లో, జర్మన్ల 'వాల్డీవియా' ఓడతో. ఇప్పుడది నార్వేది."

మనవరాలు గోడ వంక చూసింది. "మన హాల్లో గడియారం పది నిమిషాలు ముందుంటుంది కదా, దాన్ని నమ్మితే?"

లెక్క కట్టాను. పది నిమిషాలంటే రెండున్నర డిగ్రీలు, పడమటికి.

"కాకినాడలో కూర్చుని సూర్యాపేట దరిదాపుల్లో ఉన్నామనుకుంటాం!"

నవ్వి, కుర్చీ లాక్కుని ముల్లు వెనక్కి తిప్పింది.