తల్లిపాలు: నాగసాకి తల్లుల చిక్కు

తల్లిపాలకు మించిన ఆహారం బిడ్డకు లేదని ఇదే రేడియోలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. ఇవాళ మాత్రం ఆ పాలద్వారానే బిడ్డకు సోకే ఒక వైరస్ సంగతి చెప్పబోతున్నాను. కంగారుపడకండి, చివరిదాకా వినండి.

జపానుకు నైరుతి దిక్కున క్యూషూ అనే దీవి ఉంది. నాగసాకి అందులోదే. ఆ పేరు వినగానే మనకు 1945 నాటి అణుబాంబే జ్ఞాపకం వస్తుంది గాని, ఈ జబ్బుకూ దానికీ సంబంధం లేదు. 1977లో టకాట్సుకి అనే డాక్టరూ, ఆయన తోటివారూ పెద్దవాళ్లకు వచ్చే ఒక రకం రక్తకేన్సరు గురించి రాశారు. విచిత్రమేమంటే, ఆ రోగుల్లో ఎక్కువమంది పుట్టింది క్యూషూ ప్రాంతంలోనే! ఎప్పుడో పుట్టిన ఊరికీ, నడివయసు దాటాక వచ్చే జబ్బుకూ ముడి ఏమిటి?

1980లో అమెరికాలో గాలో బృందమూ, 1981లో జపానులో హినుమా బృందమూ ఆ ముడి విప్పాయి. అది హెచ్.టి.ఎల్.వి.-1 అనే రెట్రోవైరస్. ఎయిడ్స్ వైరస్‌కు దూరపు చుట్టమే గాని, దీనివల్ల ఎయిడ్స్ రాదు. ఇది మన తెల్ల రక్తకణంలో దూరి, అందులోని జన్యుపదార్థంలో తన నకలును అతికించేస్తుంది. ఇక జన్మంతా పోదు. అయితే విడిగా తిరగడం దీనికి చేతకాదు. ఒక కణం మరో కణానికి ఆనుకున్నప్పుడే దాటుతుంది. అందుకే దగ్గు, తుమ్ము, ఒకే గ్లాసుతో మంచినీళ్లు తాగడం, వీటివల్ల రాదు. రక్తం ఎక్కించడంవల్ల, దాంపత్యంవల్ల, తల్లిపాలవల్ల వస్తుంది. పాలలోనూ తెల్లకణాలుంటాయి మరి.

వైరస్ ఉన్న తల్లి చాలా నెలలు పాలిస్తే నూటికి ఇరవైమంది బిడ్డలకు సోకుతుంది. సీసాపాలు పడితే ఇద్దరు ముగ్గురికే. సోకినవాళ్లలోనూ చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. చంటితనంలో సోకినవారిలో నూటికి సుమారు అయిదుగురికి, నలభై యాభై ఏళ్ల తరవాత, ఆ కేన్సరు వస్తుంది. మరి కొద్దిమందికి వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పట్టు తప్పుతాయి, మూత్రం ఇబ్బందవుతుంది. వైరస్‌ను తుడిచిపెట్టే మందుగాని, టీకాగాని లేవు.

అందుకని 1987లో నాగసాకిలో గర్భిణులకు రక్తపరీక్ష చేసి, వైరస్ ఉన్నవారికి సీసాపాలు పట్టమని సలహా ఇవ్వడం మొదలుపెట్టారు. 2011 నుంచి దేశమంతటా ఈ పరీక్ష చేస్తున్నారు. రక్తదాతలకు 1986 నుంచే ఉంది. చెప్పడానికి ఇంతే! కాని పాలు పొంగి, రవిక తడిసి, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూంటే సీసా అందుకోవాల్సిన ఆ తల్లిని ఊహించుకోండి. పాలెందుకివ్వవని అడిగేవాళ్లకు ఏం చెబుతుంది? యాభై ఏళ్ల తరవాత రాబోయే, అసలు రాకనే పోగల జబ్బుకోసం! నేనైతే ఏం చేసేదాన్నో చెప్పలేను. మూడు నెలలలోపే పాలు మాన్పించడం, పిండిన పాలను గడ్డకట్టించి కరిగించి పట్టడం, ఇలాంటి మధ్యదారులూ అక్కడ ఉన్నాయి. గడ్డకడితే కణాలు పగిలిపోతాయన్నమాట.

మన దేశంలో ఈ వైరస్ చాలా అరుదు. ఇది విని ఎవరూ చంటిబిడ్డకు పాలు మాన్పించకండమ్మా. సరిగా మరగని నీళ్లు, సరిగా కడగని సీసా తెచ్చిపెట్టే విరేచనాలే మన ఇళ్లలో బిడ్డకు ఇంతకన్నా పెద్ద గండం.