పాత మిలటరీ జీపు ఏరియల్‌కు కొత్త పని

మిలటరీ జీపు అనగానే వెనక మూల మీద చెర్నాకోలలా ఊగే పొడుగాటి కడ్డీ మన కళ్లకు కడుతుంది. అదే వైర్‌లెస్ ఏరియల్. అందరి చూపూ ఆ కడ్డీ మీదే గాని, అసలు దెబ్బలు తినేది దాని కింద ఉండే బేసు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన వాహనాలకు బిగించిన ఎం.పి.-48 అనే బేసు ఇందుకు మంచి ఉదాహరణ. యుద్ధం అయ్యాక ఇలాంటి సామాను ఎంతో పాత సామానుగా అమ్ముడుపోయింది. హామ్ రేడియో వాళ్లు దాన్ని ఇప్పటికీ వెతికి మరీ కొంటారు.

దాని నిర్మాణం సులువే. కింద ఒక బోల్టు, మధ్యన పింగాణి, పైన బలమైన స్ప్రింగు. స్ప్రింగు నెత్తిన ఉన్న మరల్లో, ఒక్కొక్కటి సుమారు మీటరు పొడుగుండే కడ్డీలను ఒకదానిపై ఒకటి బిగిస్తారు. చెట్టుకొమ్మ తగిలితే కడ్డీ విరగకుండా వంగి మళ్లీ లేవడానికి స్ప్రింగు. కరెంటు జీపు ఒంట్లోకి దిగకుండా ఆపడానికి పింగాణి. మన కరెంటు స్తంభాల మీద పింగాణి చేసే పని కూడా ఇదే గదా!

పాత బేసు చేతికి రాగానే రెంచీ పట్టుకొని బలం చూపించకూడదు. తుప్పుకు మరలు కదలవు. పింగాణి మాత్రం పుటుక్కుమంటుంది. కిరసనాయిలు పోసి ఒక రాత్రి నాననివ్వాలి. తర్వాత పింగాణిని సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టి, కాస్త సిరా పూసి తుడవాలి. బీట ఉంటే నల్లటి గీతలా బయటపడుతుంది. బీట ఉన్నదాన్ని పక్కన పెట్టడమే మంచిది. బాగున్నదాన్ని మళ్లీ కడిగి ఆరబెట్టి, స్ప్రింగుకూ కింది బిగింపు ఇనుముకూ మధ్య మెగ్గరుతో చూడాలి. బోరు మోటారు వైండింగు చూసేది కూడా ఈ మెగ్గరుతోనే.

తర్వాత స్ప్రింగు. తుప్పు పట్టిన స్ప్రింగు గుండా కరెంటు సరిగా పోదు. పైగా చుట్లు చుట్లుగా ఉంది కనుక అదే ఒక కాయిల్ అయి కూర్చుంటుంది. అందుకని లోపల అల్లిక రాగి పట్టీ ఉండాలి. అది లేకపోయినా, తెగినా, కొత్తది కొంచెం వదులుగా వేసి రెండు కొసలా టంకం పెట్టాలి. మీటరు పెట్టి స్ప్రింగును చేత్తో వంచితే ముల్లు చలించకూడదు.

ఇక కొత్త పనికి మలచడం. పాత సెట్ల నుంచి బేసుకు ఒంటి వైరు వచ్చేది; నేటి సెట్లకు కోయాక్సియల్ కేబులు కావాలి. దాని నడిమి తీగ బేసు బోల్టుకు, పై అల్లిక పక్కనే జీపు ఇనుముకు కలపాలి. అక్కడ రంగు గీకేసి తెల్లటి లోహం కనిపించాలి. ఏరియల్‌లో రెండో సగం జీపు శరీరమే అన్నమాట.

కడ్డీ పొడుగు తరంగం పొడుగులో నాలుగో వంతు ఉంటే మేలు. 75ను మెగాహెర్ట్జులతో భాగిస్తే అది మీటర్లలో వస్తుంది. ఆచరణలో 5 శాతం తగ్గించాలి. 28.5 మెగాహెర్ట్జులకు సుమారు రెండున్నర మీటర్లు. స్ప్రింగు పొడుగూ అందులోనే లెక్క. మూడు కడ్డీలు ఎక్కువే అవుతాయి గనుక పై కొసను కొంచెం కొంచెంగా కోసుకుంటూ రావాలి.

అదే మూడు మీటర్ల కడ్డీని 7 మెగాహెర్ట్జులకు వాడితే సంగతి వేరు. అది బాగా పొట్టిదై, సుమారు 800 ఓముల అడ్డు చూపుతుంది. దాన్ని రద్దు చేయడానికి బేసు కింద 18 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి. అప్పుడు 1 ఆంపియరు పారినా పింగాణి మీద 800 వోల్టులు నిలుస్తాయి! బీట చూడమన్నది ఇందుకే. సెట్టు పంపుతున్నప్పుడు కడ్డీని గాని స్ప్రింగును గాని తాకరాదు.

ఇంకొక ప్రమాదం మన పొలాల్లోనే ఉంది. జీపు మీద కడ్డీ కొస నాలుగు మీటర్ల ఎత్తు చేరుతుంది. చేల మీద కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడతాయో రైతుబిడ్డలకు చెప్పనక్కర్లేదు. బండి కదిలే ముందు కడ్డీని వంచి నైలాను తాడుతో ముందుకు కట్టేయాలి. సైనికులు చేసేదీ అదే.

సెల్‌ఫోన్లుండగా ఈ బాధంతా ఎందుకని కొందరు అడగవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పల్లెల గోడు బయటికి చేరడమే కష్టమైంది. అటువంటి వేళ ఒక జీపు, ఒక బ్యాటరీ, ఒక మంచి ఏరియల్ చాలు, మాట పొలిమేర దాటడానికి. అయితే సెట్టుతో పంపాలంటే పరీక్ష ప్యాసై కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొందాలి. ఆ పరీక్షలోని ఓములు, తరంగాలు మనం క్లాసులో చదివేవే. సైన్స్ విద్యార్థులు తుపాను రాకముందే ఆ పరీక్ష రాసిపెట్టుకుంటే, వచ్చిన నాడు ఊరికి పనికొస్తారు.