ప్రీయాంప్ వేరే పెట్టెలో ఇంకా కావాలా?

వేములవాడ చుట్టుపక్కల ఊళ్లలో ఒగ్గు కథ చెప్పేటప్పుడు, హనుమాజీపేట మిద్దె రాములు అంతటి కథకుడు గొంతెత్తినా, మామూలు డైనమిక్ మైకు నుంచి వైరులోకి దిగేది కొన్ని మిల్లీవోల్టులే. హారన్ మోగాలంటే పదుల వోల్టులు కావాలి. అందుకే మైక్‌సెట్ ఆంప్లిఫయర్‌లో పని రెండు దశల్లో సాగుతుంది. మొదటి దశ మిల్లీవోల్టులను వోల్టు దగ్గరికి లేపుతుంది. అదే ప్రీయాంప్. రెండోది, అంటే పవర్ ఆంప్లిఫయర్, దానికి హారన్‌ను కదిలించే బలాన్నిస్తుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి.

ఇంటి ఆడియోలో ఇవి రెండు పెట్టెలుగా విడిపోవడానికి కారణం గ్రామఫోన్ రికార్డు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ సూది ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులు. అంత సున్నితమైన సిగ్నల్ పక్కనే పవర్ ఆంప్లిఫయర్ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని గుయ్‌మనే హమ్ పాటలో కలుస్తుంది. ఇంకో ఇబ్బందీ ఉంది. బేస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పుగా ఊగి, పక్క గాడిలోకి పోతుంది. కాబట్టి చెక్కేటప్పుడే బేస్ తగ్గించి, సన్నని స్వరాలు పెంచుతారు. వినేటప్పుడు ప్రీయాంప్ దాన్ని తిరగేసి సరిచేయాలి. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం 20 హెర్ట్జ్‌కూ 20 కిలోహెర్ట్జ్‌కూ నడుమ ఈ సవరణ తేడా దాదాపు 40 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో వంద రెట్లు. అటకమీది ఎల్పీలను మళ్లీ వినాలనుకునేవారికి ఫోనో ప్రీయాంప్ నేటికీ తప్పదు. అది టర్న్‌టేబుల్‌లోనే ఉందో లేదో కొనేముందు చూసుకోవాలి.

1982లో సీడీ వచ్చాక లెక్క తిరగబడింది. సీడీ ప్లేయర్ నేరుగా 2 వోల్టులు ఇస్తుంది. ఆదిలాబాద్ ఆకాశవాణిని పట్టే ఎఫ్‌ఎం ట్యూనర్ ఇచ్చేదీ మిల్లీవోల్టుల్లో కాదు, వోల్టుకు దగ్గరగానే. ఇక 8 ఓముల స్పీకర్‌కు ఒక వాట్ అందాలంటే 2.83 వోల్టులు చాలు. ఇంట్లో హాయిగా వినడానికి చాలాసార్లు ఒక వాట్ కూడా ఎక్కువే. పవర్ ఆంప్లిఫయర్ సాధారణంగా 20 రెట్లు పెంచుతుంది కాబట్టి దానికి 0.14 వోల్టు ఇస్తే సరి. మన దగ్గరున్నది 2 వోల్టులు. అంటే ప్రీయాంప్ ఇప్పుడు చేస్తున్నది పెంచడం కాదు, పద్నాలుగో వంతుకు తగ్గించడం!

ఆ తగ్గింపును డిజిటల్‌లోనే చేస్తే స్పష్టత పోదా? 14వ వంతంటే 23 డెసిబెల్స్, దాదాపు 4 బిట్లు. లెక్కింపు 16 బిట్లలోనే జరిగితే ఆ నష్టం నిజమే. డిజిటల్ అంకెలను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే ఇప్పటి డీఏసీలు 24 బిట్లు, అంతకు మించీ వాడతాయి కాబట్టి సీడీలోని 16 బిట్లూ దాదాపు పదిలంగానే ఉంటాయి. వాల్యూమ్ ఉన్న డీఏసీని పవర్ ఆంప్లిఫయర్‌కు నేరుగా కలపవచ్చు. అయితే కొన్ని డీఏసీలు ఆన్ చేయగానే పూర్తి వాల్యూమ్‌తో మొదలవుతాయి, స్పీకర్లు కాలిపోవచ్చు. ముందు ఆ అలవాటు ఉందేమో తెలుసుకోండి. టీవీ, టర్న్‌టేబుల్, ట్యూనర్ అన్నీ ఉన్న ఇంట్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి మీట మార్చుకోవడానికి ప్రీయాంప్ సౌకర్యమే, కానీ రెండు దశలూ ఒకే పెట్టెలో ఉండే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ ఆ పనీ చేస్తుంది.

నా మటుకు వేరే ప్రీయాంప్‌కు పెట్టే డబ్బు గదిమీద పెట్టమంటాను. కరీంనగర్ గ్రానైట్‌కు పేరు మోసిన ఊరు. అలాంటి నున్నటి బండలు, ఖాళీ గోడలు ఉన్న హాలులో మాట మీద మాట పడి, పాటలో పదాలు అలుక్కుపోతాయి. ఏ ప్రీయాంపూ దాన్ని సరిచేయలేదు. స్పీకర్ల ముందు మందమైన వరంగల్ జంపఖానా, వెనక గోడకు పుస్తకాల బీరువా, కిటికీకి బరువైన పరదా పెట్టి విని చూడండి.